డెల్టాలో పెద్ద పికప్ కొంటున్నారా? ఇంజన్ మన్నిక, మెయింటెనెన్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మాది భీమవరం పక్క ఊరు. రొయ్యల చెరువులు, కాస్త వరి. పద్నాలుగేళ్ళలో మూడు పికప్‌లు మార్చాను, ఒక ఇంజన్ని చేతులారా చంపుకున్నాను. నేను మెకానిక్‌ని కాదు. కానీ ఆ చచ్చిన ఇంజన్ పుణ్యమా అని పెద్ద పికప్ కొందామనుకునే ప్రతివాళ్ళూ ముందు నాకు ఫోన్ చేస్తున్నారు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

హై పెర్ఫార్మెన్స్ పికప్ అంటే మన దగ్గర దొరికేవి ఏవి?

నిజం చెప్పాలంటే రెండే. ఒకటి టయోటా హైలక్స్. 2.8 లీటర్ల డీజిల్, 204 హార్స్‌పవర్, టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్లు. ఇది మన దేశానికి 2022లో వచ్చింది. రెండోది ఇసుజు వీ-క్రాస్. 1.9 లీటర్లు, 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్లు. ఇది మన శ్రీసిటీలోనే తయారవుతుంది, 2016 నుంచీ. పాత 2.5 లీటర్ల వీ-క్రాస్‌లు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. మహీంద్రా గెటవే, టాటా జెనాన్ పాతవి అక్కడక్కడా కనిపిస్తాయి. బొలెరో పికప్, టాటా యోధా మంచి బండ్లే, కానీ వాటిది మోత పని, పరుగు కాదు.

నాకు నిజంగా అంత ఇంజన్ కావాలా?

రోజూ మేత బస్తాలు వెయ్యడానికైతే అక్కర్లేదు. మేత బస్తా 25 కేజీలు, నలభై బస్తాలంటే టన్ను. బొలెరో పికప్‌లో టన్నున్నర మోసే మోడళ్ళున్నాయి. హైలక్స్ అధికారిక లోడు అందులో సగం కూడా ఉండదు. ఇంజన్‌కి సత్తా ఉంది కదా అని వెనక టన్ను ఎక్కిస్తే ఇంజన్ లాగుతుంది కానీ స్ప్రింగులు, క్లచ్, బ్రేకులు ఒప్పుకోవు.

వానాకాలం గట్ల మీద ఫోర్ వీల్ డ్రైవ్ కావాలన్నా, ఇంటిల్లిపాదీ అదే బండిలో వెళ్ళాలన్నా, నెలకోసారి మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం వెళ్ళే పనున్నా అప్పుడు ఆలోచించండి. సంక్రాంతికి బరి దగ్గర పార్క్ చేస్తే నలుగురూ చూడాలన్న కారణాన్ని కూడా నేను తప్పుపట్టను. కాకపోతే ఆ కారణాన్ని ఇంట్లో వాళ్ళకి సూటిగా చెప్పండి. మైలేజీ లెక్కలు చెప్పి నమ్మించొద్దు.

హార్స్‌పవర్ ఎక్కువున్న ఇంజన్ తొందరగా పోతుందా?

పోవాలని లేదు. లీటరుకి ఎంత పిండుతున్నారో లెక్క వేసుకోండి. హైలక్స్‌లో 2755 సీసీ నుంచి 204, అంటే లీటరుకి సుమారు 74. వీ-క్రాస్‌లో 1898 సీసీ నుంచి 163, అంటే లీటరుకి 86. పాత తరం 2.5 లీటర్ల బొలెరో పికప్ ఇంజన్ మొత్తం కలిపి 80 లోపే, లీటరుకి 30 చొప్పున. పిండే కొద్దీ వేడి పెరుగుతుంది, టర్బో (ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపే భాగం) మీద, పిస్టన్ మీద ఒత్తిడి పెరుగుతుంది. దానికి తగ్గట్టే కంపెనీ వాళ్ళు లోపల లోహం, ఆయిల్ దారులు, కూలింగ్ పెడతారు. ఆ లెక్క అంతా మంచి ఆయిల్, మంచి డీజిల్, సరైన కూలెంట్ పడతాయన్న నమ్మకం మీద నిలబడి ఉంటుంది.

పాత బండి గేదె లాంటిది, ఏది వేసినా నమిలేస్తుంది. కొత్త ఇంజన్ వనామి రొయ్య లాంటిది. నీళ్ళు, మేత, గాలి మూడూ సరిగ్గా ఉంటే ఏపుగా పెరుగుతుంది. ఒక్కటి తప్పినా తెల్లారేసరికి తేలుతుంది. మన వైపు జనానికి ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు.

మన ప్రాంతంలో ఇంజన్లు ఎక్కువగా దేనివల్ల పోతున్నాయి?

నా అనుభవంలో లోపలి అరుగుదల వల్ల పోయినవి తక్కువ, బయట నుంచి వచ్చినవాటి వల్ల పోయినవే ఎక్కువ. నీళ్ళు, ఉప్పు, ఊక, నీళ్ళు కలిసిన డీజిల్, బోరు నీళ్ళు. కింద విడివిడిగా చెబుతాను. నా ఇంజన్ పోయింది నీళ్ళలోనే కాబట్టి ముందు అదే.

నీళ్ళలోంచి బండి పోనిస్తే ఇంజన్‌కి ఏమవుతుంది?

అక్టోబర్ వాన. రాత్రి పదకొండు. కాలవ పొంగి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. ముందు ఒక లారీ పోతోంది, దాని వెనకే పోతే దారి తెలుస్తుందని నేనూ దిగాను. లారీ తోసిన అల వెనక్కి తిరిగి నా బానెట్ మీదకి వచ్చింది. ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. పక్కన మా బావమరిది, "బావా, ఇంకోసారి కొట్టి చూడు" అన్నాడు. కొట్టాను. ఠంగ్ మని ఒకటే చప్పుడు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

జరిగిందేమిటంటే, డీజిల్ ఇంజన్ గాలిని విపరీతంగా నొక్కుతుంది. హైలక్స్ ఇంజన్నే తీసుకోండి, దాని కంప్రెషన్ నిష్పత్తి 15.6. అంటే పిస్టన్ పైకొచ్చేసరికి ఒక్కో సిలిండర్‌లో మిగిలే జాగా సుమారు 47 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసులో సగం. అంతకన్నా ఎక్కువ నీళ్ళు లోపలికి పోతే నొక్కడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే నీళ్ళు నలగవు. పిస్టన్‌ని కింద పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. నా బండిలో రెండు రాడ్లు వంగాయి, ఒకటి బ్లాకుని పగలగొట్టింది.

ఇన్సూరెన్స్ కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్ట్ చెయ్యడం వల్ల జరిగిన నష్టం మామూలు పాలసీలో రాదన్నారు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలట. డెల్టాలో ఉంటూ అది తీసుకోకపోవడం నా తెలివితక్కువతనం. మీరు తీసుకోండి, షరతులు చదివి తీసుకోండి.

అయితే ఎంత లోతు దాకా పోవచ్చు?

హైలక్స్‌కి కంపెనీ చెప్పేది 700 మి.మీ. అది కదలని నీళ్ళలో, మెల్లగా పోయినప్పటి మాట. ఎదురుగా బస్సు వస్తే ఆ లెక్క పనికిరాదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో రోడ్డెక్కడో, గొయ్యెక్కడో ఎవరికీ తెలియలేదు. కాజ్‌వే మీద నీళ్ళు పారుతున్నాయంటే ఎంత పెద్ద ఇంజనున్నా ఒడ్డునే ఆపాలి. పారే నీళ్ళు ఇంజన్‌తో పేచీ పెట్టుకోవు, బండినే పట్టుకుపోతాయి.

స్నార్కెల్ పెట్టించొచ్చా అని అడుగుతారు. పెట్టించొచ్చు, గాలి పైనుంచి తీసుకుంటుంది. కానీ గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ గాలి గొట్టాలు కిందే ఉంటే నీళ్ళు అక్కడ దూరతాయి. నీళ్ళలో తిరిగాక ఆ రెండు ఆయిళ్ళూ చూపించుకోండి. పాలు పోసిన టీ రంగులో ఉంటే మార్చాల్సిందే.

నీళ్ళలో ఆగిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి?

తాళం ముట్టుకోవద్దు. బ్యాటరీ వైరు తీసెయ్యండి. ట్రాక్టర్‌కి కట్టి బయటికి లాగించండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి. ఫిల్టర్ పొడిగా ఉంటే అదృష్టం. తడిసి ఉంటే ఇంజెక్టర్లు విప్పించి, ఇంజన్ని చేత్తో తిప్పించి, నీళ్ళు బయటికి పంపాకే స్టార్టింగ్ మాట. ఆయిల్ మొత్తం పారబోయాలి. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి మళ్ళీ మార్చాలి. ఆ రెండు సార్ల ఆయిల్ ఖర్చుకి వెనకాడి బేరింగులు పోగొట్టుకున్నవాళ్ళు మా ఊళ్ళోనే ఇద్దరున్నారు.

డీపీఎఫ్ లైటు వెలుగుతోంది. ఇదేం గొడవ?

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య నిబంధనల కింద వచ్చిన డీజిల్ పికప్‌లకి పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. మసిని పట్టి ఉంచి, నిండాక తనంతట తానే 600 డిగ్రీల దాకా వేడెక్కి కాల్చేసుకుంటుంది. అలా కాలాలంటే బండి ఒకే వేగంలో పదిహేను, ఇరవై నిమిషాలు పోవాలి.

మన తిరుగుడు ఎలా ఉంటుందో చూడండి. పొద్దున్న ఇంటి నుంచి చెరువుకి మూడు కిలోమీటర్లు. చెరువు మీద ఏసీ వేసుకుని అరగంట. అక్కణ్ణుంచి మేత కొట్టుకి రెండు కిలోమీటర్లు. ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తున్నాం. మసి కాలడం మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుంది. కాల్చడానికి చల్లిన డీజిల్ కొంత ఆయిల్లోకి జారుతుంది. కాబట్టి ఆయిల్ గేజి తీసి చూసినప్పుడు మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందనుకోండి, సంతోషించకండి. వేలికి రాసి వాసన చూడండి. డీజిల్ కంపు కొడితే ఆ ఆయిల్ పలచబడిపోయినట్టే, వెంటనే మార్చాలి.

నా ఇప్పటి బండికి ఈ లైటు మూడుసార్లు వెలిగింది. మొదటిసారి సర్వీస్ సెంటర్‌లో మెషిన్ పెట్టి కాల్చి వేలల్లో బిల్లు వేశారు. వేసి, "సార్, మీరు అప్పుడప్పుడు హైవే మీద నడపాలి" అన్నారు. ఆ ముక్క కొన్నప్పుడే చెప్పొచ్చుగా! అప్పటి నుంచి వారానికోసారి దిగమర్రు దగ్గర 216 హైవే ఎక్కి, చించినాడ వంతెన దాటి రాజోలు దాకా పోయి వస్తున్నాను. ఒక గేరు తక్కువలో, రెండు వేల ఆర్‌పీఎం పైన. మా ఆవిడ ఆ ట్రిప్పుకి షికారు అని పేరు పెట్టింది. నేను మెయింటెనెన్స్ అంటాను.

ఇది మన రోడ్లకే వచ్చిన జబ్బు కాదు. ఆస్ట్రేలియాలో 2015 అక్టోబర్ నుంచి 2020 ఏప్రిల్ దాకా అమ్మిన హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో డీజిల్ బండ్లు సుమారు 2.64 లక్షలకి డీపీఎఫ్ లోపం ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. ఆ బండ్ల లోపం వేరు, మన తిరుగుడు వల్ల వచ్చే ఇబ్బంది వేరు. కానీ ప్రపంచంలోనే మొండి బండిగా పేరున్న దాని మెడ కూడా ఈ ఫిల్టర్ దగ్గర వంగిందని గుర్తుంచుకోండి. మీ తిరుగుడంతా అయిదు కిలోమీటర్ల లోపే అయితే, హైవే ఎక్కే ఓపిక కూడా లేకపోతే, కొత్త డీజిల్ పికప్ మీకు సరిపడదు. ఈ మాట ఏ షోరూంలోనూ చెప్పరు.

గడ్డి మీద బండి ఆపొద్దంటారు, నిజమేనా?

నూటికి నూరుపాళ్ళు. దాళ్వా కోతలప్పుడు, ఎండలు మండే ఏప్రిల్‌లో, మిషన్ కోసి వదిలిన ఎండుగడ్డి మీద బండి ఆపుతాం. ఆ సమయంలో డీపీఎఫ్ కాలుతూ ఉంటే కింద పొగ గొట్టం నిప్పు కణిక లాంటిది. గడ్డి అంటుకుంటే బండీ, కుప్పా రెండూ పోతాయి. ఐడిల్ ఆర్‌పీఎం మామూలు కన్నా పెరిగినా, ఆపాక కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతున్నా, కాలిన వాసన వస్తున్నా లోపల కాలుతోందని అర్థం. చదునైన మట్టి మీదకి తీసుకెళ్ళి ఆపండి.

యాడ్‌బ్లూ బదులు చేలో వేసే యూరియా కలిపి పొయ్యొచ్చా?

వద్దండీ బాబూ. యాడ్‌బ్లూ అంటే కొన్ని డీజిల్ బండ్లలో పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి విడి ట్యాంకులో పోసే ద్రవం. అది 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్ళు. మనం చేలో వేసేది వేప పూత యూరియా. ఆ పూత, అందులోని మలినాలు కలిసి నాజిల్‌ని, క్యాటలిస్ట్‌ని మూసేస్తాయి. బస్తాలో మిగిలిన యూరియాకి లక్షల పార్టు బలిపెట్టొద్దు.

ఇంజన్ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి?

బండితో ఇచ్చే పుస్తకంలో చాలావాటికి 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. అదే పుస్తకంలో కష్టమైన పరిస్థితుల్లో నడిపేవాళ్ళు ముందే మార్చాలని కూడా ఉంటుంది. దుమ్ము, దగ్గర దగ్గర ట్రిప్పులు, గంటల తరబడి ఐడిలింగ్, లోడు. మన చెరువుల బతుకు అచ్చంగా అదే. నేను 5,000కి మారుస్తాను. మీటరు కిలోమీటర్లనే లెక్కేస్తుంది, పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, ఏసీ కోసం నాలుగు గంటలు ఆన్‌లో ఉన్న ఇంజన్ని లెక్కెయ్యదు. ఐడిలింగ్ గంటకి నలభై కిలోమీటర్లు నడిపినట్టు నేను కలుపుకుంటాను.

డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి. డబ్బా మీద సీ3 అనో, సీకే-4 అనో, మీ పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే చూడండి. మసి కాలిపోతుంది కానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్‌లో పేరుకుపోతుంది. ట్రాక్టర్ ఆయిల్ ఇంట్లో ఉంది కదా అని పోసేవాళ్ళున్నారు. పోసిన రోజు ఏమీ తెలియదు, అదే వచ్చిన చిక్కు.

ఖాళీ డబ్బా షెడ్డులో వదిలి రావద్దు. మూతకి, అడుగుకి చిల్లు పొడిచి రండి. ఆ డబ్బాలోకి మళ్ళీ ఏం పోసి అమ్ముతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అమెరికాలో మా అబ్బాయి దగ్గర పెద్ద ట్రక్కు ఉంది. అవి గట్టి ఇంజన్లు కదా?

పాలకొల్లు నుంచి అమలాపురం దాకా ప్రతి వీధిలో ఈ ప్రశ్న ఉంది. పెద్దవే. 2021-24 రామ్ టీఆర్ఎక్స్ ఇంజన్ 6.2 లీటర్ల సూపర్‌ఛార్జ్‌డ్ వీ8, 702 హార్స్‌పవర్. వింటేనే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ పెద్దదైనంత మాత్రాన చావు లేదని కాదు. టయోటా 2024 మేలో 2022, 2023 టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ కలిపి సుమారు 1,02,000 బండ్లని వెనక్కి పిలిచింది. ఇంజన్ తయారీలో మిగిలిన లోహపు రజను బేరింగుల్లో చేరుతోందని. జనరల్ మోటార్స్ 2025 ఏప్రిల్‌లో 6.2 లీటర్ల వీ8 ఉన్న 2021-24 బండ్లు అమెరికాలోనే దాదాపు 6 లక్షలు పిలిచింది. వాటిలో బాగున్న ఇంజన్లకి చేసిన మరమ్మతు ఏమిటో తెలుసా? పలచటి ఆయిల్ తీసేసి కాస్త చిక్కటిది పొయ్యడం. అందుకే ఆయిల్ దగ్గర అంతసేపు ఆగాను.

ఇక్కడికి తెచ్చుకోవడం గురించి: దిగుమతి చేసే బండికి స్టీరింగ్ కుడివైపే ఉండాలని నిబంధన, అక్కడివి ఎడమవైపు. మీ అబ్బాయిని అక్కడే నడుపుకోనివ్వండి.

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పొయ్యొచ్చా?

వద్దు. మన బోర్లలో ఉప్పు, సున్నం. రేడియేటర్ అల్యూమినియం. రెండేళ్ళలో లోపల తెల్లటి పొర కట్టి, సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ కాలుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. ఒక లీటరు కలిపింది సీటు వెనక ఉంచుకోండి, అప్పుడు దారిలో బోరు పంపు దగ్గరికి పోయే పని ఉండదు.

కోతల సీజన్లో ఎయిర్ ఫిల్టర్‌కి ఏం చెయ్యాలి?

వారానికోసారి విప్పి చూడాలి. ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద పది రోజులు తిరిగాక నా ఫిల్టర్ డబ్బా విప్పితే అడుగున గుప్పెడు ఊక, రెండు గొల్లభామలు. గాలి కొట్టేటప్పుడు లోపలి నుంచి బయటికి కొట్టాలి, అదీ మెల్లగా. బయట నుంచి కొడితే దుమ్ము కాగితంలో ఇంకా దిగుతుంది. రెండు మూడుసార్లు దులిపాక పారేసి కొత్తది వెయ్యండి. చిరిగిన ఫిల్టర్ కన్నా మురికి ఫిల్టరే నయం. చిల్లులోంచి పోయిన దుమ్ము సిలిండర్ గోడల్ని ఆకురాయిలా అరగదీస్తుంది.

రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్, ఏసీ కండెన్సర్ ఉంటాయి. వాటి సందుల్లో ఊక దూరితే బయటికి కనిపించదు. టార్చి వేసి చూడండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి, మామూలు గొట్టంతో వెనక నుంచి కడగండి.

ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండికి ప్రత్యేకంగా ఏమైనా చెయ్యాలా?

రొయ్యల ట్రేల నుంచి కారే ఐసు నీళ్ళు బండి వెనక భాగాన్ని, ఛాసిస్‌ని తింటాయని అందరికీ తెలుసు. ఇంజన్‌కి కూడా దెబ్బే. బాడీకి బిగించిన ఎర్త్ వైరు చిలుము పడితే సెన్సార్లన్నీ పిచ్చి లెక్కలు చెబుతాయి. బండి లాగదు, చెక్ ఇంజన్ లైటు వస్తుంది, పోతుంది. నా స్నేహితుడి చేత ఒక షెడ్డులో ఇంజెక్టర్లు మార్పించారు, పంపు విప్పారు. చివరికి మా మేస్త్రి ఎర్త్ వైరు విప్పి, ఎమరీ పేపర్‌తో గీకి బిగించాడు. అంతే, పోయింది. ఇచ్చింది రెండు వందలు.

పట్టుబడి అయిన రాత్రే మంచినీళ్ళతో కింద కడిగించండి. తెల్లారాక అంటే ఆరిపోతుంది.

డీజిల్ విషయంలో జాగ్రత్త ఏమిటి?

కామన్ రైల్ ఇంజన్లో డీజిల్ 2000 బార్ల దగ్గరి ఒత్తిడితో వెంట్రుక మందం రంధ్రాల్లోంచి చిమ్ముతుంది. ఆ ఒత్తిడి పుట్టించే పంపుకి గ్రీజు, ఆయిల్ వేరే ఏమీ లేవు, డీజిలే దాని ఆయిల్. అందులో నీటి చుక్క పడితే ఇనుము మీద ఇనుము రాస్తుంది.

మన దగ్గర చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల జనరేటర్ కోసం పీపాల్లో డీజిల్ నిల్వ ఉంటుంది. అర్ధరాత్రి బండిలో అయిపోతే అందులోంచే పోసేస్తాం. పీపా సగం ఖాళీగా ఉంటే రాత్రి చలికి లోపల చెమట పట్టి నీళ్ళు అడుగున చేరతాయి. నెలకోసారి ఫిల్టర్ కింది బిళ్ళ వదులు చేసి ఒక తెల్ల ప్లాస్టిక్ సీసాలోకి కాస్త వదలండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున గీత గీసినట్టు నీళ్ళు విడిపోయి కనిపిస్తే ఆ పీపా డీజిల్ పంపుసెట్టుకే. డ్యాష్‌బోర్డ్ మీద నీళ్ళ గుర్తు లైటు వెలిగితే రేపు చూద్దాంలే అనుకోవద్దు. నాలుగు ఇంజెక్టర్లు, ఒక పంపు కలిపితే ఎకరం చెరువు పట్టుబడి డబ్బులు పోతాయి.

చిప్ పెట్టించి పవర్ పెంచుకోవచ్చా?

ఉన్నది చాలక పెంచితే ముందు క్లచ్, తర్వాత టర్బో, ఆపైన వారంటీ. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. డీపీఎఫ్ పీకించెయ్యమనే సలహా కూడా వింటారు. అది చట్టవిరుద్ధం.

టైమింగ్ చైనా, బెల్టా?

హైలక్స్ 2.8, వీ-క్రాస్ 1.9 రెండూ చైన్. పాత 3.0 లీటర్ల ఫార్చ్యూనర్ ఇంజన్‌కి బెల్ట్, లక్షన్నర కిలోమీటర్లకి మార్చాలి. చైన్ అంటే జీవితాంతం అనుకోవద్దు. ఆయిల్ ఆలస్యం చేస్తే చైనూ సాగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే గలగలా గొలుసు చప్పుడు వస్తే చూపించుకోండి.

సెకండ్ హ్యాండ్ పికప్ ఇంజన్ ఎలా చూడాలి?

పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, "మళ్ళీ రేపొస్తానండీ" అని చెప్పి వచ్చెయ్యండి. చల్లటి ఇంజన్ స్టార్టయ్యే తీరే అసలు జాతకం.

మొన్న మా తోడల్లుడి కోసం ఒక బండి చూశాం. అమ్మే ఆయన మర్యాదస్తుడు, కాఫీ కూడా ఇప్పించాడు.

"ఎక్కడా నీళ్ళలో తిరగలేదాండీ?"

"ఆయ్, అస్సలు లేదండి. ఇంటి బండండి, గుడికీ బడికేనండి."

సరేనని సీటు బెల్ట్ చివరిదాకా బయటికి లాగాను. చివరి జానెడు మట్టిరంగు గీత. వరద మట్టం అక్కడిదాకా వచ్చింది. అందరూ సీట్లు కడుగుతారు, బెల్ట్ చివర ఎవరూ కడగరు. స్పేర్ టైరు గొయ్యిలో, ఫ్యూజ్ బాక్స్ మూత లోపల, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున కూడా సన్నటి ఒండ్రు దొరుకుతుంది. దొరికింది.

ఇంకొన్ని చూడాలి. నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి తిరగేసి అక్కడే పెట్టండి. కాస్త కదిలితే పర్వాలేదు, ఎగిరిపడితే పిస్టన్ పక్కనుంచి కిందికి జారే గాలి ఎక్కువ, అంటే సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకొచ్చినట్టే. మూత లోపల పాలకోవా రంగు జిగురుంటే ఆయిల్లో నీళ్ళున్నాయి. పొగ తెల్లగా ఆగకుండా వస్తే కూలెంటో ఇంజెక్టరో, నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, నల్లగా ఉంటే గాలి అందడం లేదు. డీపీఎఫ్ ఉన్న బండి గొట్టం లోపల వేలు పెట్టి చూడండి. నల్లటి మసి అంటుకుంటే ఫిల్టర్ పగిలి ఉండాలి, లేదా పీకేసి ఉండాలి. ఆఖరికి సర్వీస్ రికార్డు అడగండి. "బయట చేయించానండి" అంటే ఆయిల్ బిల్లులైనా చూపించమనండి.

ఎలకలు వైర్లు కొరుకుతున్నాయి. మందుందా?

పొగాకు కాడలు కట్టినవాళ్ళున్నారు, నాఫ్తలీన్ ఉండలు పెట్టినవాళ్ళున్నారు. మా ఎలకలకి రెండూ అలవాటయ్యాయి. ధాన్యం పురికి దూరంగా పార్క్ చేస్తున్నాను, రాత్రిపూట బానెట్ ఎత్తి ఉంచుతున్నాను. కాస్త తగ్గింది.

మాన్యువల్ కొనాలా, ఆటోమేటిక్ కొనాలా?

ఇంజన్ ఒకటే అయినా హైలక్స్‌లో ఆటోమేటిక్‌కే ఎక్కువ టార్క్ ఇచ్చారు. ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ మీద పట్టు కావాలంటే నాకు మాన్యువలే ఇష్టం. కానీ బురద గట్టు మీద, రేవుల్లో ఆటోమేటిక్ మేలు. నరసాపురంలో సఖినేటిపల్లి పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించేటప్పుడు చూడండి. వాలు మీద ఇసుక, ముందు రెండు స్కూటర్లు, వెనక ఆటో హారన్, పంటు మనిషి "రండి రండి, ఆపండి ఆపండి" అని ఒకే గుక్కలో అంటాడు. మాన్యువల్ వాడు సగం క్లచ్ మీద నిలబడతాడు. గోదావరి మధ్యకి వచ్చేదాకా ఆ కాలిన వాసన బండిలోంచి పోదు.